క్వీన్స్‌లో కో-ఆప్ ఫ్లాట్ కొనే ముందు లోకల్ లా 97 గురించి భయపడాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. న్యూయార్క్ సిటీలోని క్వీన్స్‌లో ఆరంతస్తుల పాత కో-ఆప్‌లో (బిల్డింగ్ మొత్తం ఒక సొసైటీ పేరున ఉంటుంది, ఫ్లాట్ కొనడమంటే అందులో షేర్లు కొనడం) రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ నచ్చింది. ఆఫర్ ఇద్దామనుకునేలోపు మీ ఫ్రెండ్ ఒకాయన "లోకల్ లా 97 అని ఒకటొచ్చింది, పెద్ద బిల్డింగులకి ఏటా భారీ జరిమానా, మెయింటెనెన్స్ రెట్టింపవుతుంది, హాయిగా న్యూజెర్సీ వెళ్ళి ఇల్లు కొనుక్కోండి" అన్నారు. ఆయన మాట నిజమేనా, హైదరాబాద్‌లో లేని ఈ గొడవ ఇక్కడెందుకు అని అడిగారు.

న్యూజెర్సీ సంగతి వదిలేద్దాం, ఆ చర్చ మొదలైతే తెల్లారుతుంది. నేను క్వీన్స్‌లో అలాంటి బిల్డింగ్‌లోనే ఉంటున్నాను, మా కో-ఆప్ బోర్డులో కూడా ఉన్నాను. "నీకు ఎక్సెల్ వచ్చు కదా" అని ఈ చట్టం కాగితాలన్నీ నా నెత్తిన పెట్టారు. అలా తెలిసినదాన్ని బట్టి చెప్తున్నా: జరిమానా మీ ఫ్రెండ్ చెప్పినంత పెద్దది కాదు. డబ్బు నిజంగా ఖర్చయ్యేది బాయిలర్, పైపులు, కరెంటు లైన్ల మీద. కాబట్టి కొనే ముందు ఆరా తీయాల్సింది వాటి గురించే.

ముందు చట్టం సంగతి క్లుప్తంగా. న్యూయార్క్ సిటీ కౌన్సిల్ 2019 ఏప్రిల్‌లో దీన్ని పాస్ చేసింది. ఈ ఊళ్ళో కార్బన్ ఉద్గారాల్లో దాదాపు మూడింట రెండు వంతులు బిల్డింగుల నుంచే వస్తాయి. కార్లు, బస్సులు తర్వాతే. అందుకని 25,000 చదరపు అడుగులు దాటిన చాలా బిల్డింగులకి ఏడాదికి ఇన్ని టన్నులే అని హద్దు పెట్టారు. మొదటి విడత 2024 నుంచి 2029 దాకా, రెండోది 2030 నుంచి 2034 దాకా, ఆ తర్వాత ఇంకా బిగుస్తూ పోతుంది. 2050 నాటికి సున్నాకి తేవాలని లక్ష్యం. హద్దు దాటిన ప్రతి మెట్రిక్ టన్నుకీ ఏటా 268 డాలర్లు కట్టాలి.

అపార్ట్‌మెంట్లకి ఇప్పటి హద్దు వెయ్యి చదరపు అడుగులకి ఏడాదికి 6.75 టన్నులు. 2030 నుంచి అది సుమారు 3.35కి పడిపోతుంది, అంటే దాదాపు సగం.

టన్నులు కొలవడానికి పొగగొట్టం మీద మీటరేమీ పెట్టరు. బిల్లులు చూసి లెక్క కడతారు. ఒక థర్మ్ (గ్యాస్ బిల్లులో వాడే కొలత) గ్యాస్ కాలిస్తే 5.3 కిలోల కార్బన్ ఉద్గారాలు. అంతే వేడిని రెండో నంబర్ ఆయిల్‌తో (బాయిలర్లలో కాల్చే డీజిల్ లాంటి నూనె) తెస్తే 7.4 కిలోలు. ఒక యూనిట్ కరెంటుకి ఇప్పుడు 0.289 కిలోలు, 2030 నుంచి 0.145 కిలోలు. ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. హాల్లో లైట్లు, లిఫ్టు మాత్రమే కాదు, మీ ఫ్లాట్‌లో మీరు సొంతంగా బిల్లు కట్టుకునే కరెంటు కూడా బిల్డింగ్ ఖాతాలోనే పడుతుంది. మీ వెట్ గ్రైండర్ వల్ల ఎవరికీ జరిమానా రాదు గానీ, ఎండాకాలంలో వంద ఫ్లాట్లలో విండో ఏసీలు తిరిగితే లెక్కలో బాగానే కనిపిస్తుంది.

ఇప్పుడు మీకు కావాల్సిన లెక్క. ఉదాహరణకి వంద ఫ్లాట్లు, లక్ష చదరపు అడుగులు అనుకుందాం. వేడికీ వేడినీళ్ళకీ కలిపి ఏడాదికి 80,000 థర్మ్‌ల గ్యాస్, అందరి ఫ్లాట్లూ కలిపి ఐదు లక్షల యూనిట్ల కరెంటు. గ్యాస్ 425 టన్నులు, కరెంటు 145, మొత్తం 570. హద్దు 675. జరిమానా పైసా కూడా లేదు. ఇదే బిల్డింగ్ ఆయిల్ మీద నడుస్తుంటే మొత్తం 738 టన్నులవుతుంది. 63 టన్నులు ఎక్కువ, జరిమానా సుమారు 17,000 డాలర్లు. వంద ఫ్లాట్లకి పంచితే నెలకి 14 డాలర్లు. కో-ఆప్‌లో షేర్లని బట్టి పంచుతారు కాబట్టి పెద్ద ఫ్లాట్‌కి కాస్త ఎక్కువ పడుతుంది. ఎలా చూసినా మెయింటెనెన్స్ రెట్టింపయ్యే మాట కాదు.

అయితే ముందుంది ముసళ్ళ పండగ. 2030లో అదే గ్యాస్ బిల్డింగ్ లెక్క చూడండి. గ్యాస్ 425 టన్నులు అలాగే ఉంటుంది, కరెంటు సగమై 72కి వస్తుంది, మొత్తం 497. హద్దు 335. దాటింది 162 టన్నులు, జరిమానా ఏటా 43,000 డాలర్లకి పైనే. ఫ్లాట్‌కి నెలకి 36 డాలర్లు. ఈ రోజు "మాకే సమస్యా లేదు" అంటున్న బిల్డింగుల్లో చాలావాటి పరిస్థితి ఇదే. ఆ మాట అబద్ధం కాదు, 2029 దాకా మాత్రమే నిజం.

ఇంకో పిడుగు కూడా ఉంది, ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఏడాదికోసారి ఇంజనీరో ఆర్కిటెక్టో ధ్రువీకరించిన రిపోర్టు సిటీకి ఇవ్వాలి. 2024 లెక్కల మొదటి రిపోర్టుకి గడువు 2025 మే 1, అడిగినవాళ్ళకి తర్వాత ఇంకాస్త టైమిచ్చారు. అసలు రిపోర్టే ఇవ్వకపోతే చదరపు అడుగుకి నెలకి అర డాలరు వరకు జరిమానా వేయొచ్చు. లక్ష అడుగుల బిల్డింగ్‌కి నెలకి 50,000 డాలర్లు! పొగకి ఏడాదంతా పడే జరిమానా కన్నా కాగితం ఇవ్వనందుకు ఒక్క నెలలో పడేదే ఎక్కువ. అందుకే బోర్డు, మేనేజింగ్ ఏజెంట్ (బిల్డింగ్ లెక్కలు, కాగితాలు చూసే కంపెనీ) పద్ధతిగా పనిచేసేవాళ్ళా కాదా అన్నది బాయిలర్ అంత ముఖ్యం.

ఇక మా బిల్డింగ్‌లో ఏం చేశామో చెప్తాను. మీరు కొనబోయే చోట ఏం అడగాలో దాన్నిబట్టి మీకే తెలుస్తుంది.

మాది ఒంటి పైపు ఆవిరి వ్యవస్థ. క్వీన్స్‌లో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన బిల్డింగుల్లో ఇది మామూలే. కింద బాయిలర్‌లో నీళ్ళు మరిగి ఆవిరి పైకి వెళ్తుంది, రేడియేటర్‌లో చల్లారి నీళ్ళుగా మారి అదే పైపులో కిందకి జారుతుంది. రేడియేటర్ పక్కన చిన్న వెండిరంగు బుడిపె ఉంటుంది, బుస్సుమంటుంది చూడండి, అది లోపలి గాలి బయటకి పోయే దారి. గాలి పోతేనే ఆవిరి లోపలికొస్తుంది. ఆ బుడిపె మీద నాలుగు పొరల పెయింట్ వేసి మూసేస్తే ఆ గది చల్లగానే ఉండిపోతుంది. కింద వాల్వ్ సగం తిప్పి వదిలేస్తే రాత్రంతా సుత్తితో కొట్టినట్టు టంగు టంగుమని మోత. దాన్ని పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగం అనేది ఒంటి పైపుకి పనికిరాదు. మా సూపర్ (బిల్డింగ్ బాగోగులు చూసే ఉద్యోగి) ఈ మాట చిలక్కి చెప్పినట్టు చెప్పినా ఎవరూ వినరు.

ఇలాంటి బిల్డింగ్‌లో ఆవిరి ముందుగా బాయిలర్‌కి దగ్గరున్నవాళ్ళకి అందుతుంది. సిటీ రూలు ప్రకారం అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా, పగలు బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గితే లోపల కనీసం 68 ఉండాలి, రాత్రి 62. ఆరో అంతస్తు మూల ఫ్లాట్‌లో పెద్దావిడ చలేస్తోందని సిటీ ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేస్తుంది. ఫిర్యాదు వస్తుందన్న భయంతో సూపర్ బాయిలర్ ఇంకాసేపు నడుపుతాడు. ఆవిడ గది 68కి వచ్చేసరికి రెండో అంతస్తులో 82 అవుతుంది. వాళ్ళు జనవరిలో కిటికీలు బార్లా తెరిచి పెట్టుకుంటారు. మా వీధిలో చలికాలం రాత్రి తలెత్తి చూస్తే ఏ ఫ్లాట్‌కి వేడి ఎక్కువవుతోందో కిటికీలే చెప్పేస్తాయి. మేము కొన్న గ్యాస్‌లో ఒక భాగం అలా వీధిపాలే.

కాబట్టి మేము మొదట కొత్త బాయిలర్ జోలికి పోలేదు. మెయిన్ పైపుల చివర పెద్ద గాలి వెంట్లు పెట్టించాం, ఆవిరి అన్ని నిలువు పైపులకీ ఇంచుమించు ఒకేసారి చేరేలా. పాడైన రేడియేటర్ బుడిపెలన్నీ మార్చాం. బేస్‌మెంట్‌లో బట్టల్లేకుండా నిలబడ్డ పైపులకి ఇన్సులేషన్ చుట్టించాం. బాయిలర్ కంట్రోలర్ అప్పటిదాకా బయటి ఉష్ణోగ్రత చూసే నడిచేది, ఇప్పుడు కొన్ని ఫ్లాట్లలో పెట్టిన సెన్సర్లు చూసి ఆగుతుంది. వేడి ఎక్కువయ్యే ఫ్లాట్లలో రేడియేటర్‌కీ బుడిపెకీ మధ్య థర్మోస్టాట్ వాల్వ్ పెట్టాం. గది వెచ్చబడగానే అది గాలిదారి మూసేస్తుంది, ఆవిరి ఇక లోపలికి రాదు.

ఈ వాల్వ్ విషయంలో మొదటి ఫిర్యాదు మా ఇంట్లోనే. మా ఆవిడ ఇడ్లీ పిండి గిన్నె ఎప్పుడూ రేడియేటర్ పక్కనే పెట్టేది, పెరుగు తోడు కూడా అక్కడే. "మీ చట్టమొచ్చాక పిండి పొంగడం మానేసింది" అంటుంది ఇప్పటికీ. బోర్డు మీటింగ్ మినిట్స్‌లో ఎక్కించలేదు గానీ, అంతకన్నా రుజువేం కావాలి, ఇంట్లో ఉష్ణోగ్రత తగ్గినట్టే.

ఇవన్నీ కలిపితే కొత్త బాయిలర్ ఖర్చులో చిన్న వంతు కూడా కాలేదు. గ్యాస్ వాడకం బాగా తగ్గింది, కిటికీలు మూతపడ్డాయి. ఆ తర్వాత చేసిన పెద్ద పని వేడినీళ్ళని బాయిలర్ నుంచి విడదీయడం. అంతకుముందు జూలైలో కూడా స్నానాల నీళ్ళ కోసం ఆ ఏనుగంత బాయిలర్ నడిచేది. ఇప్పుడు వేడినీళ్ళకి వేరే చిన్న హీటర్లున్నాయి, పెద్దది మేలో ఆగితే మళ్ళీ అక్టోబర్‌లోనే.

వీటితో 2029 దాకా మాకు ఇబ్బంది లేదు. 2030కి మాత్రం ఇవి చాలవు. అక్కడే అసలు చర్చ హీట్‌పంప్‌ల మీదకి వస్తుంది, బోర్డు మీటింగుల్లో గొంతులు లేచేదీ అక్కడే.

హీట్‌పంప్ అంటే బయటి గాలిలోంచి వేడి లాగి లోపలికి తెచ్చే యంత్రం, ఎండాకాలం అదే ఏసీ. పైన చెప్పిన ఉదాహరణ బిల్డింగ్‌కి గ్యాస్ బదులు ఇవి పెడితే సుమారు ఏడు లక్షల యూనిట్ల కరెంటు పడుతుంది. 2030 లెక్కలో అది వంద టన్నులే, గ్యాస్‌తో అయితే 425. చట్టం ఎటు తోస్తోందో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. కరెంటు టన్నులు 2030కి సగమవుతాయని ఎలా రాశారంటే, గ్రిడ్ శుభ్రపడుతుందన్న ఆశతో. ప్రస్తుతం ఈ ఊరి కరెంటు ఎక్కువగా గ్యాస్ ప్లాంట్లదే, పైగా 2021లో ఇండియన్ పాయింట్ అణు కేంద్రం మూసేశారు. కెనడాలోని క్విబెక్ జలవిద్యుత్తుని క్వీన్స్‌లోని అస్టోరియాకి తెచ్చే 1,250 మెగావాట్ల షాంప్లేన్ హడ్సన్ లైన్ లాంటివాటి మీద సిటీ చాలా భారం వేసింది.

డబ్బు సంగతికొస్తే మాత్రం తడిసి మోపెడవుతుంది. ఒక కన్సల్టెంట్ మాకిచ్చిన కొటేషన్‌లో ఫ్లాట్‌కి పదుల వేల డాలర్లు పడింది. అందులో యంత్రాల ఖర్చు ఒక భాగమే. బిల్డింగ్‌కి వచ్చే కరెంటు లైను పెంచాలి, ప్రతి ఫ్లాట్‌కీ కొత్త వైరింగ్, గోడలకి కన్నాలు. నెలకి 36 డాలర్ల జరిమానా పక్కన దాన్ని పెట్టి చూసి, పెన్షన్ మీద బతికే పెద్దాయన ఒకాయన మీటింగ్‌లో లేచి "జరిమానా కట్టేద్దాం, నేను పోయాక మీ ఇష్టం" అన్నాడు. లెక్క ప్రకారం ఆయన తప్పేమీ అనలేదు. నా అభిప్రాయం అడిగితే, టన్నుకి 268 డాలర్లు అనేది కంపెనీల ఆఫీసు టవర్లకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, మామూలు కో-ఆప్‌లకి తలనొప్పి తెప్పించేంత ఉంటుంది. చట్టం మంచిదే, ఆ అంకె ఇంకాస్త ఆలోచించి పెట్టాల్సింది.

మధ్యదారి వస్తోంది. సిటీ హౌసింగ్ అథారిటీ క్వీన్స్‌లోనే వుడ్‌సైడ్ హౌసెస్‌లో కిటికీ మీద కూర్చునే హీట్‌పంప్‌లని పెట్టి చూసింది. మామూలు ప్లగ్గుతోనే నడుస్తాయి, గోడలు పగలగొట్టక్కర్లేదు. మా బోర్డు కళ్ళన్నీ వాటి ధర తగ్గడం మీదే ఉన్నాయి. బాయిలర్ దాని ఆయుష్షు తీరేదాకా నడిపి, ఆ లోపు డబ్బు కూడబెట్టుకుని, అప్పుడు మారాలన్నది మా ప్లాను. ఇక్కడ కొనేవాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. హీట్‌పంప్‌లు వస్తే వేడి ఖర్చు మెయింటెనెన్స్‌లోంచి మీ సొంత కరెంటు బిల్లులోకి మారొచ్చు. ఇప్పటి రేట్లకి అది గ్యాస్ కన్నా ఎక్కువే అవుతుంది.

"కోర్టులో కొట్టేస్తారట కదా" అని కూడా కొందరంటారు. క్వీన్స్ తూర్పు చివర, మనవాళ్ళు బాగానే ఉండే వైపు, గ్లెన్ ఓక్స్ విలేజ్ అని దాదాపు 2,900 ఫ్లాట్ల కో-ఆప్ ఉంది. అన్నీ రెండంతస్తుల ఇళ్ళే. "మావి పెద్ద బిల్డింగులెలా అవుతాయి" అనిపిస్తుంది, కానీ ఒకే స్థలంలో ఉన్న బిల్డింగులన్నీ కలిపి 50,000 చదరపు అడుగులు దాటినా చట్టం కిందకి వస్తాయి. వాళ్ళూ మరికొందరూ కలిసి 2022లో కేసు వేశారు, రాష్ట్ర వాతావరణ చట్టం ఉండగా సిటీకి ఈ అధికారం లేదని. 2024లో అప్పీళ్ళ స్థాయిలో కొంత ఊపిరి దొరికింది. 2025 మేలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం మాత్రం రాష్ట్ర చట్టం సిటీ చట్టానికి అడ్డు కాదని తేల్చేసింది. కాబట్టి పోతుందిలే అనే ఆశతో కొనకండి.

హైదరాబాద్ గురించి. అక్కడ అసలేమీ లేదనడం సరికాదు. ఆంధ్రాలో 2014 నుంచీ, తర్వాత తెలంగాణలోనూ పెద్ద వాణిజ్య భవనాలకి ఇంధన పొదుపు నియమావళి ఉంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. తేడా ఏంటంటే అవి ప్రధానంగా కట్టబోయే భవనాల కోసం, ప్లాన్ పర్మిషన్ దగ్గర చూస్తారు. న్యూయార్క్‌లో సమస్య ఎప్పుడో కట్టేసిన వాటితో. జనం కాపురముంటుండగా వందేళ్ళ బిల్డింగ్‌ని మార్చాలి.

ఇక మీరు చేయాల్సింది. తలుపు దగ్గర అతికించిన ఏ, బీ, సీ, డీ గ్రేడు చూసి నిర్ణయించుకోకండి. అది ఎనర్జీ స్టార్ స్కోరుని (అలాంటి బిల్డింగులతో పోలిస్తే ఇంధనం ఎంత పొదుపుగా వాడుతున్నారో చెప్పే మార్కు) బట్టి ఇచ్చేది, ఉద్గారాల హద్దుతో నేరుగా సంబంధం లేదు. డీ ఉన్న బిల్డింగ్‌కి జరిమానా లేకపోవచ్చు, బీ ఉన్నదానికి 2030లో పడొచ్చు. మీ లాయర్ ఎలాగూ బోర్డు మినిట్స్ చదవడానికి మేనేజింగ్ ఏజెంట్ దగ్గరకి వెళ్తారు. బాయిలర్, అసెస్‌మెంట్ (పెద్ద పనులకి అందరి దగ్గరా అదనంగా వసూలు చేసే డబ్బు), లోకల్ లా 97 అన్న మాటలు ఎక్కడొచ్చినా రాసుకోమనండి. రెండేళ్ళుగా ఆ మాటే లేకపోతే అది శుభవార్త అనుకోవద్దు, బోర్డు నిద్రపోతోందని అర్థం. 2024 సంవత్సరం రిపోర్టు ఇచ్చారా, హద్దు దాటారా, దాటితే గడువు కోరుతూ డీకార్బనైజేషన్ ప్లాన్ (ఉద్గారాలు ఎలా తగ్గిస్తారో చెప్పే ప్లాన్) ఏదైనా ఇచ్చారా అని రాతపూర్వకంగా అడిగించండి. ఇంధనం ఆయిలా గ్యాసా? నాలుగో నంబర్ ఆయిల్ అయితే ఇంకా జాగ్రత్త, సిటీ దాన్ని పూర్తిగా నిషేధిస్తోంది. రిజర్వ్ ఫండ్ ఎంత, బిల్డింగ్ మీదున్న అప్పు ఎప్పుడు తీరుతుంది అన్నవి కూడా చూడండి. ఆ అప్పుని తిరగరాసే (రీఫైనాన్స్ చేసే) సమయంలోనే చాలా కో-ఆప్‌లు ఈ పనులకి డబ్బు తీసుకుంటాయి.

కొనేవాళ్ళని ఒప్పుకునే ముందు బోర్డు చేసే ఇంటర్వ్యూలో ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్ వద్దు. అయితే అవి ఇంటర్వ్యూ రోజు దాకా ఆపకండి, లాయర్ ద్వారా ముందే తెప్పించుకోండి. ఇంటర్వ్యూలో వాళ్ళు మిమ్మల్ని చూస్తారు. ఒక్క మాట అడగొచ్చు: "బేస్‌మెంట్ చూపిస్తారా?" అని. సూపర్ గర్వంగా తీసుకెళ్ళి చూపించే బాయిలర్ రూమ్ ఉన్న చోట నేనైతే ధైర్యంగా కొంటాను.

ఇప్పుడిస్తున్న మెయింటెనెన్స్ చుట్టుపక్కల కన్నా బాగా తక్కువుంటే, ఎందుకు తక్కువో కూడా కనుక్కోండి. కాగితాలు చేతికొచ్చాక చదరపు అడుగులు, ఏడాది గ్యాస్ థర్మ్‌లు లేదా ఆయిల్ గ్యాలన్లు, కరెంటు యూనిట్లు ఇక్కడ పెట్టండి. బిల్డింగ్ పేరు అక్కర్లేదు. 2030 లెక్క వేసి చెప్తాను.